పూజకు పువ్వు, పెరటికి వెలి

ఏ ఇంటనైనను పుట్టదగిన ఒక చిన్న తగవు కలదు. అది జనగామ పట్టణమున కావచ్చును, మానుకోటయని జనులు పిలుచు మహబూబాబాదున కావచ్చును, భూపాలపల్లి బొగ్గుగనుల కార్మికుల క్వార్టర్లలో కావచ్చును. ఒక లింగాయత గృహము, దాని వెనుక కొంత పెరడు, ఆ పెరటి గోడ వారగా ఒక జిల్లేడు పొద ఉన్నవనుకొనవలెను. ఆ పొదను ఎవరును నాటలేదు, ఎవరును దానికి నీరు పోయలేదు. గాలికి కొట్టుకొని వచ్చిన గింజ గోడ మొదట పడి మొలచినది. చూచుచుండగనే మనిషెత్తు పెరిగినది.

"అత్తమ్మా, ఆ జిల్లేడును పీకిద్దాము. ఇంటి ఆవరణలో జిల్లేడు ఉంటే మంచిది కాదంటున్నరు" అని కోడలు అనును.

"పీకిస్తే రేపు పొద్దున లింగపూజకు పూలెక్కడివి బిడ్డా?" అని అత్త అడుగును.

ఇంటి యజమాని కొంతసేపు ఆలోచించి ఇద్దరికిని నచ్చునట్లుగా తీర్పు చెప్పును: "మన చెట్టును తీసేద్దాము. పూలకేమి, వెనుక ఖాళీ జాగల కావలసినన్ని జిల్లేళ్లున్నయి. అక్కడ తెంపుకొస్తే సరి."

తగవు తీరినది. ఇందులో దోషమేమైన నున్నదా యని సామాన్యముగా ఎవరును అడుగరు. కాని అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. పువ్వు పరమేశ్వరునకు అర్హమైనచో, ఆ పువ్వును కన్న మొక్క గోడ లోపల నుండుటకు ఎట్లు అనర్హమైనది? పువ్వునకు పూజాపీఠము, మొక్కకు వెలి యనుట ఏ ధర్మము? విషయము చిన్నదే. అయినను మొక్కల విషయమున మనస్సు ఎట్టి తీర్పులకు అలవాటు పడునో, మనుష్యుల విషయమునను అట్టి తీర్పులే చేయును. అందుచేత ఈ చిన్న విషయమును విచారించుట వ్యర్థము కాదు.

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. అంతకు పూర్వము వాని అధికభాగము వరంగల్లు జిల్లాలోనిదే. జనగామ వైపు వానకు ముఖము వాచియుండు ఎర్రని చల్కలు. మహబూబాబాదు వైపు చల్కలతోపాటు చెరువుల క్రింది మాగాణులు. భూపాలపల్లి వైపు గోదావరి దాక పరచుకొన్న టేకు అడవులు. వైశాఖమాసపు ఎండలలో గడ్డి మాడిపోవును, టేకు ఆకు రాల్చి మోడువలె నిలుచును, పెరటిలోని బంతియు చేమంతియు నీరు లేనిదే ఒక్క వారము బ్రతుకవు. అట్టి కాలమున ఊరి చుట్టును పచ్చగా కనబడునవి కొన్నియే: జిల్లేడు, గన్నేరు, వావిలి, అడ్డసరము, తంగేడు, సర్కారు తుమ్మ. వీనిలో ముద్దుగా పెంచుకొనబడునది లేదనియే చెప్పవచ్చును. మల్లెకు పందిరి వేయుదురు, గులాబికి కుండీ కొందురు, మారేడు మొక్క చుట్టును గద్దె కట్టుదురు. వీనికి మాత్రము గొడ్డలియే గతి.

ఇందొక విశేషమున్నది. ఇవి పచ్చగా నిలుచుటకును, మనుష్యులకు గిట్టకపోవుటకును కారణము చాలవరకు ఒక్కటే. జిల్లేడు ఆకును విరిచినచో చిక్కని తెల్లని పాలు కారును. ఆ పాలు విషము. అందుచేత పశువులు సామాన్యముగా దానిని మేయవు. గన్నేరు నిలువెల్ల విషమే. దాని సారము గుండె నడకను చెరచును. వావిలి, అడ్డసరముల ఘాటు వాసన పశువులకు సహింపదు. సర్కారు తుమ్మను ముండ్లు కాచును. ఇట్టి రక్షణ లేనిచో మేకల మందల నడుమ, నీరెరుగని నేలలో ఈ పొదలు పచ్చగా నిలిచి యుండెడివి కావు. ఏ గుణముచేత అవి మనకు అనిష్టములైనవో, ఆ గుణముచేతనే అవి బ్రతికి యున్నవి. వాని చేదు మన మీది పగ కాదు, వాని ప్రాణరక్షణము. ఈ మాట గ్రహించినంతనే ద్వేషములో సగము తొలగిపోవలెను.

జిల్లేడును తీయవలెనను వారు చెప్పు కారణములను వేరువేరుగా చూచినచో నాలుగు తేలును: అది అరిష్టమనుట, అందము లేదనుట, అపాయమనుట, హద్దులేక వ్యాపించుననుట. ఈ నాలుగింటిని ఒకే మూటగా కట్టి "వద్దు" అను ఒక్క మాటతో తేల్చివేయుట లోకరీతి. మూటను విప్పి చూచుట విచారశీలుని పని.

మొదటిది అరిష్టము. పాడుపడిన ఇంటిని గూర్చి చెప్పునపుడు అక్కడ జిల్లేళ్లు మొలచినవనుట తెలుగువారి అలవాటు. ఆ మాటలో పొరపాటు లేదు. మనుష్యులు విడిచిన చోట జిల్లేడు మొలచుట సహజము. కాని ఇల్లు పాడుపడుటచేత జిల్లేడు మొలచినదే గాని, జిల్లేడు మొలచుటచేత ఇల్లు పాడుపడలేదు. కార్యమును కారణముగా భావించుట ఇక్కడి భ్రమ. మరియు ఈ అరిష్టపు మొక్క ఆకులనే రథసప్తమినాడు తలమీద నుంచుకొని స్నానము చేయువారు తెలుగునాట ఎందరో కలరు. తెల్లజిల్లేడు వేరులో గణపతి యున్నాడని నమ్మి దానిని వెదకి తెచ్చి ఇంట నుంచుకొనువారును కలరు. ఒకే జాతి మొక్క గోడ వారనున్న అరిష్టము, వేరు రూపమున పెట్టెలో నున్న అదృష్టము! శకునములను, మంచి చెడు ముహూర్తములను శరణులు లెక్కచేయలేదు. శివభక్తునకు అన్ని దినములును శివుని దినములే, అన్ని దిక్కులును శివుని దిక్కులే యని నమ్మిన మార్గము వారిది. ఆ మార్గమున నడచు ఇంట ఒక పొదను చూచి భయపడుట తగదు. కావున మొదటి కారణము విచారమునకు నిలువదు.

రెండవది అందము లేదనుట. అనగా అది మనకు ఇష్టము కాదనుట. ఇక్కడ ఇష్టలింగమను పదమును కొంత ధ్యానింపవలసి యున్నది. దీక్షా సమయమున గురువు శిష్యుని చేతిలో లింగమును ఉంచును. శిష్యుడు అంగడిలో వలె పదింటిలో తనకు నచ్చినదానిని ఏరుకొనడు. గురువిచ్చినదానిని స్వీకరించి, ఎడమ అరచేత నిలిపి, దినదినము పూజించి, దానినే తన ఇష్టముగా చేసికొనును. అనగా ఈ మార్గమున ఇష్టమనునది నాలుక మీది రుచి వంటిది కాదు, సాధనచేత సంపాదింపవలసినది. నచ్చినదానిని ఆదరించుటకు దీక్ష అక్కరలేదు, గురువు అక్కరలేదు. నచ్చనిదాని యెడల ఎట్లు మెలగవలెననుచోటనే సాధన ఆరంభమగును.

అయినచో జిల్లేడును ప్రేమింపవలెనా? అట్లని ఎవరును ఆజ్ఞాపింపజాలరు. లేని ప్రేమను ఉన్నట్లు నటించుట కపటము. శరణులు కపటమును మించి దేనిని నిందింపలేదు. ఒక గృహిణికి జిల్లేడు రూపము గిట్టనిచో, గిట్టదని చెప్పుటలో పాపము లేదు. ఆమెను కోరదగినది ప్రేమ కాదు, న్యాయము. "నాకు నచ్చదు" అనునది ఒక మాట. "దానికి ఉండు హక్కు లేదు" అనునది వేరొక మాట. మొదటి మాట నుండి రెండవ మాటకు ఒక్క అంగలో దాటుటయే దోషము. ఈ అంగను లోకము ఎంత సులభముగా వేయునో, కల్యాణనగర చరిత్ర చూపుచున్నది.

12వ శతాబ్దిలో బిజ్జలుని రాజధానియైన కల్యాణమున బసవేశ్వరుడు మంత్రిగా నుండి శరణులను ఒక్కచోట చేర్చినపుడు అక్కడికి వచ్చినవారెవరు? బట్టలుతుకు మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, తోలు పనివారైన కక్కయ్య, హరళయ్య. వీరి చేతి పనిని లోకము ఎన్నడును నిరాకరింపలేదు. మాచయ్య ఉతికిన బట్ట కావలెను, చౌడయ్య పడవ కావలెను, హరళయ్య కుట్టిన చెప్పు కావలెను. ఆ మనుష్యులు మాత్రము గడప దాటి రారాదు. హరళయ్య కుమారునకును, బ్రాహ్మణకులము నుండి శరణుడైన మధువరసుని కుమార్తెకును వివాహము జరిగినపుడు ఆ తండ్రులిద్దరికిని కఠోర దండన విధింపబడినదని సంప్రదాయము చెప్పుచున్నది. చెప్పు కాలికి తగును, చేసినవాడు ఇంటికి తగడు. పువ్వు పూజకు తగును, మొక్క పెరటికి తగదు. ఈ రెండు తీర్పుల ఆకారము ఒక్కటే.

పోలిక ఇంతటితో ఆగలేదు. చల్క నేలలలో ఎవరును నాటకయే పెరుగు తంగేడు పొదను చూడుడు. తోళ్లను పదును పెట్టుటకు తరతరములుగా వాడబడినది తంగేడు పట్ట. తోలు పనివానికి ఏ గౌరవము దక్కెనో, అతని పనికి పట్టనిచ్చిన పొదకును సంవత్సరములో అధికభాగము అదియే దక్కినది. బతుకమ్మ నాళ్లలో మాత్రము ఆడపడుచులందరును పసుపు పచ్చని తంగేడు పూలకై చెలకల వెంట పోవుదురు. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన 2014వ సంవత్సరముననే తంగేడు రాష్ట్ర పుష్పమైనది. గౌరవము వచ్చినది, సంతోషమే. అయితే ఆ గౌరవము పువ్వుకా, పొదకా యనునది పండుగ ముగిసిన మరునాడు చెలక గట్టు మీద తెలియును.

జనగామ జిల్లాలోని పాలకుర్తి పేరు వినని వీరశైవ గృహముండదు. పాల్కురికి సోమనాథుడు అక్కడివాడు. పండితులు చిన్నచూపు చూచిన ద్విపదను చేపట్టి, జనులు మాటలాడు జాను తెనుగున బసవపురాణమును వ్రాసినవాడు. ఆ గ్రంథమున ఆయన ఎవరి కథలను చెప్పెను? వేటగాడైన కన్నప్ప, చాకలియైన మడివాలు మాచయ్య, తల్లి లేని శివుని చూచి జాలిపడిన ముగ్ధురాలు బెజ్జమహాదేవి. ఎవరును కుండీలో పెట్టి పెంచని భక్తులు వారు, నాటకయే మొలచినవారు. వారి భక్తిని చూపుటకు ఎవరును నాటని దేశి ఛందస్సునే ఆయన ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. ఆ నేల మీదనే నివసించువారు, నాటని మొక్కకు విలువ లేదని తలచుట ఆ కవిని మరచుటయే యగును.

ఇక్కడ కొందరు జిల్లేడు పక్షమున వాదింప బూని, దాని ఉపయోగములను ఏకరువు పెట్టుదురు. అవి నిజములే. దాని ఆకు పొలమునకు పచ్చిరొట్ట ఎరువు. అడ్డసరపు ఆకు దగ్గునకు మందు. ఆ ఆకులోని పదార్థమును ఆధారముగా గొనియే నేటి దగ్గుమందులలో ఒకటైన బ్రోమ్‌హెక్సిన్ రూపొందినది. వావిలి ఆకు వేసి కాచిన నీటితో బాలింతలకు స్నానము చేయించుట పల్లెలలో నెరిగినదే. జిల్లేడు పూల మీద పెద్ద నల్లని తుమ్మెదలు వ్రాలును. వాని మూలముననే ఆ పూలు కాయలగును. నారింజరంగు రెక్కల సీతాకోకచిలుక ఒకటి జిల్లేడు ఆకు మీద గ్రుడ్లు పెట్టును. దాని పురుగు ఆ చేదు ఆకునే తిని, ఆ విషమును తన దేహమున నిలుపుకొని పెరుగును. అందుచేత పక్షులు దానిని సామాన్యముగా ముట్టవు. హాలాహలమును కంఠమున నిలిపిన నీలకంఠుని తలచుకొను కుటుంబములకు ఈ పురుగును చూపి పిల్లలకు చెప్పదగిన మాటలు ఎన్నియో కలవు.

కాని ఉపయోగముల జాబితా మీద ఆధారపడు దయ బలహీనమైనది. ఉపయోగమున్నందున ఉంచుకొనుట వర్తకము. రేపు అంగడిలో చవకగా దగ్గుమందు దొరకినచో అడ్డసరమునకు ఆ హక్కు పోవునా? ఇంట ముసలివారు పని చేయలేని దినమున వారి పీట తీసివేయుదురా? ధర్మమును దయ నుండి విడదీయరాదని బసవేశ్వరుడు బోధించినపుడు, ఆ దయను ఉపయోగపడు ప్రాణులకు మాత్రము అని హద్దు గీయలేదు. కావున న్యాయము తిరుగవలసినది మరియొక విధముగా. ఉన్న మొక్క తాను ఉండుటకు కారణము చూపనక్కరలేదు. తీయవలెనన్నవాడే కారణము చూపవలెను. ఆ కారణము అతని అయిష్టము కారాదు. ఏదేని ఒక ప్రాణికి కలుగు హాని కావలెను. ఈ ఒక్క నియమమును పెరటిలో పాటించినచో చాలును.

ఈ నియమముచేత మూడవ, నాలుగవ కారణములకు బలము వచ్చుచున్నది. అవి నిజముగా హానిని గూర్చినవి. జిల్లేడు పాలు కంటిలో పడినచో కంటి పొర వాచి చూపు మసకబారును. వెంటనే విస్తారమైన నీటితో కడిగి కంటి వైద్యునకు చూపవలెను. పచ్చగన్నేరు గింజలు, గన్నేరు ఆకులు పిల్లల నోటికి గాని పశువుల నోటికి గాని అందరాదు. దోగాడు బిడ్డ ఉన్న ఇంట, బిడ్డ ఆడుకొను చోట ఇట్టి మొక్క నుంచుట దయ కాదు, అజాగ్రత్త. జీవకారుణ్యము పేర బిడ్డ కంటిని ప్రమాదమునకు ఒప్పగించుమని ఏ శరణుడును చెప్పడు. పైని చెప్పిన ఇంటి కోడలు "పిల్లలు ఆడుకొను చోటు" అని యుండినచో ఆమె మాట అత్త మాట కంటె బరువైనదై యుండెడిది. ఆమె ఆ మాటను వదలి, ఎవరో అన్నారని అరిష్టమును ఆశ్రయించినది. నిజమైన కారణము చేతనుండగా అబద్ధపు కారణమును పట్టుకొనుట ఇట్టి తగవులన్నింటను కనబడు దురదృష్టము.

వ్యాప్తి విషయమున రెండు ఉదాహరణములను గమనింపవలెను. లాంటానా అమెరికా ఖండపు పొద. 19వ శతాబ్ది ఆరంభమున దానిని రంగురంగుల పూలకై ఈ దేశపు తోటలలోనికి తెచ్చిరి. పక్షులు పండ్లు తిని గింజలను వెదజల్లగా నేడది దేశమందలి అడవులలో విస్తారముగా అల్లుకొని, గడ్డిని మొలవనీయక, లేళ్లకును పశువులకును మేత లేకుండ చేయుచున్నది. సర్కారు తుమ్మయు అమెరికాది. వంటచెరకునకై ప్రభుత్వమువారే దానిని వ్యాపింపజేసినందున ఆ పేరు వచ్చినది. ఇట్టివానిని అదుపు చేయుట ఇతర ప్రాణులకు మేలే. ఇక్కడ తీయుటకు కారణమున్నది. ఆ కారణము ద్వేషము కాదు.

రెండవది ఇటీవలిది. ఆఫ్రికా తూర్పు కొమ్ము, యెమెన్ ప్రాంతములకు చెందిన కోనోకార్పస్ నిత్యము పచ్చగా నుండును, వేగముగా పెరుగును, కత్తిరించినట్లెల్ల ఒదుగును. 2015లో ఆరంభమైన హరితహారము నాళ్లలో తెలంగాణ పట్టణముల దారుల నడుమ, ఇండ్ల గోడల వెంట దానిని ఎంతో ముచ్చటతో నాటిరి. తరువాత దాని పుప్పొడి వలన శ్వాసబాధ కలుగుచున్నదనియు, వేళ్లు నీటి గొట్టములను చెరచుచున్నవనియు ఫిర్యాదులు వచ్చినవి. 2023లో గుజరాత్ ప్రభుత్వము దానిని నాటరాదని నిషేధించినది. ముచ్చటపడి నాటినవారే నేడు దానిని అసహ్యించుకొనుచున్నారు. మొక్క మారలేదు, నాడెట్టిదో నేడును అట్టిదే. నాటునాడు విచారింపలేదు, "పచ్చగా ఉన్నది, ఇష్టము" అనిరి. నరుకునాడును విచారింపక "వద్దు" అందురు. ఇష్టముచేత చేసిన తప్పును అనిష్టముచేత దిద్దుట సాధ్యము కాదు. రెంటికిని నడుమ ఉండవలసినది వివేకము. నాటుటకు ముందే అడుగవలసిన ప్రశ్నను నరుకునపుడు గాని అడుగకపోవుట గృహస్థునకు తగదు.

తీయవలసియే వచ్చినచో దానిని తీయు చేయి ఎవరిది? ఈ ప్రశ్న తక్కిన అన్ని ప్రశ్నల కంటె ముఖ్యమైనది. సామాన్యముగా యజమాని వాకిట నిలిచి వ్రేలితో చూపును. కూలికి వచ్చిన స్త్రీ కొడవలి పట్టి కొట్టును. పాలు చిమ్మునది ఆమె ముఖము మీద. అయిష్టము యజమానిది, అపాయము కూలిదానిది. ఆమెకు చేతి తొడుగు లేదు. కంటికి అడ్డము కట్టుకొన బట్ట యిచ్చినవారు లేరు. మొక్క విషమని చెప్పినవారును లేరు. ఇంటి బిడ్డ కంటి మీది భయముచేత మొక్కను తీయించువారు కూలి తల్లి కంటిని తలపకుండుట ఎట్టి దయ? కాయకమును కైలాసముగా భావించు సమయాచారమున, తీర్పు చెప్పినవాడు తన తీర్పు భారమును తానే మోయవలెను. తాను తీయగలిగినచో తానే తీయవలెను. ఇతరుల చేత చేయించినచో తన బిడ్డకు చేయు జాగ్రత్తయే వారికిని చేయవలెను: విషమని ముందుగా చెప్పవలెను, చేతులకు తొడుగులు, కండ్లకు అడ్డము, కడుగుకొనుటకు నీరు సమకూర్చవలెను, కూలిని సంతోషముగా ఇయ్యవలెను. ఇంత శ్రమ పడుటకు ఇష్టము లేనిచో, ఆ మొక్కను తీయుటకు తగిన కారణమును లేదని గ్రహింపవలెను. తన చేతితో చేయవలసి వచ్చినపుడు మనుష్యుని ద్వేషములో ఎంత భాగము నిజమో తేలిపోవును.

తీయుటలోను మితమున్నది. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ వీరశైవ గృహములలో నెరుగనిది కాదు. మారయ్య ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము ఏరుకొని రాగా, అక్కరకు మించినది మనకు వద్దని లక్కమ్మ దానిని తిరిగి పంపినది. సంపాదనకు చెప్పిన ఈ మాట సంహారమునకు మరింత వర్తించును. బిడ్డ ఆడు చోట నున్న ఒక్క పొద అపాయమైనచో ఆ ఒక్క పొదను తీయవలెను. ఆ కోపమున గోడ వెంట నున్న పది పొదలను తీయరాదు. కొమ్మలు దారికి అడ్డమైనచో కొమ్మలను కోయవలెను; వేరును పెకలింపనక్కరలేదు. కాయలు పగిలి దూది పరచుకొనుననెడి భయమున్నచో కాయలు పండకముందే వానిని త్రుంపవలెను. ఏడాది మొలకను తీయుట సులభము, దానికిని నొప్పి స్వల్పము. పదేండ్లు చూచి చూడనట్లుండి, మానైన తరువాత నరకుట సోమరితనము చేయించు క్రూరత్వము. హాని ఎంతయో కోత అంతయే యుండవలెను. అంతకు మించినది అక్కరకు మించిన బియ్యము వంటిదే.

ఈ విచారము మొక్కలతో ముగియదు. ప్రతి ఇంటను ఎవరికిని అంతగా గిట్టని మనిషి ఒకరుందురు. మాట చేదుగా నుండు ముసలి అత్త కావచ్చును. భర్త పోయి పుట్టింట చేరిన ఆడపడుచు కావచ్చును. పెండ్లి కాక మిగిలిన పినతండ్రి కావచ్చును. వారి సేవను ఇల్లంతయు స్వీకరించును. వేకువన లేచి వాకిలి ఊడ్చుట, పసిబిడ్డను ఎత్తుకొనుట, పండుగనాడు పిండి విసరుట వారి వంతు. ఫోటో తీయించుకొనునపుడు మాత్రము వారిని పిలుచువారుండరు. వారి చేదు వెనుకను ఒక ఎండకాలమున్నది. నీరు పోయువారు లేని చోట ప్రాణము నిలుపుకొనుటకై వారు ఆ చేదును పెంచుకొనిరి. వారిని ప్రేమింపుమని చెప్పుట సులభము, చేయుట కష్టము. కాని వారి పీట వారికుండవలెను. వారి సేవకు పేరుండవలెను. వారిని గూర్చి తీర్పు చెప్పవలసి వచ్చినపుడు "నాకు గిట్టదు" అను మాటను ప్రక్కన పెట్టి మాటలాడవలెను. ప్రేమ పుట్టువరకు న్యాయము ఆగరాదు. ఒక్కొక్కచోట న్యాయము ముందు నడచినచో ప్రేమ వెనుకగా వచ్చును. రాకపోయినను న్యాయము వ్యర్థము కాదు.

శివరాత్రినాడు కురవి వీరభద్రస్వామి జాతరకును, గోదావరి ప్రాణహితలు కలియు కాళేశ్వరమునకును ఈ మూడు జిల్లాల కుటుంబములు తరలిపోవును. శివునకు ప్రియమని లోకము చెప్పు పూలలో జిల్లేడు, ఉమ్మెత్త, తుమ్మి ఉన్నవి. తోటమాలి పెంచు పూలకంటె పెంటకుప్ప మీద మొలచు పూలు ఆయన కొప్పునకు ఎక్కుట వెనుక పెద్దల భావమేమై యుండును? లోకము వెలివేసినదానిని ఆయన తలదాల్చునని కాదా? అట్టి దేవుని అరచేత ధరించువారు ఆయన తలదాల్చినదానిని గోడ వెలుపలికి నెట్టుటకు ముందు ఒక్క క్షణము ఆగుట మర్యాద.

ఇపుడు మొదటి ఇంటి తగవును మరల చూడవచ్చును. అత్త మాటలో పువ్వు మీది ఆశ ఉన్నది, మొక్క మీది గౌరవము లేదు. కోడలి మాటలో భయమున్నది, దాని వెనుక బిడ్డ మీది మమకారమును ఉన్నది. యజమాని మాటలో ఇద్దరినీ సంతోషపెట్టు నేర్పున్నది, న్యాయము లేదు. తన అయిష్టమును గోడ వెలుపలి ఖాళీ స్థలమునకు, అనగా ఎవరో ఇతరుల పాలికి నెట్టినాడు. సరియైన తీర్పు ఇంతకంటె కష్టమైనదేమియు కాదు. పొద బిడ్డ ఆడు చోట నున్నచో, జాగ్రత్తతో తన చేతితోనే తీసి, ఆకును పొలమున వేయవలెను. దూరపు మూలలో నున్నచో ఉండనీయవలెను. చుట్టును నాలుగు రాళ్లు పేర్చి, దాని పాలు ఎట్టివో బిడ్డకు చెప్పి, పూలు కోసిన చేతిని కడుగుకొనుట నేర్పవలెను. విషముగల ప్రాణితో ఎట్లు మెలగవలెనో నేర్చిన బిడ్డ, విషమును చూచి పారిపోవుట మాత్రమే నేర్చిన బిడ్డకంటె లోకమున ఎక్కువ సురక్షితముగా నడచును.

శాస్త్రములు చెట్లను స్థావరములనియు, కదలు ప్రాణులను జంగమములనియు విభజించినవి. శరణ మార్గము జంగమమునకు అగ్రస్థానమిచ్చినది. జిల్లేడు కాయ ఎండకు పగిలిన దినమున ఈ విభజన కొంత సడలును. పట్టువంటి తెల్లని కుచ్చు కట్టుకొన్న గింజ గాలి మీద లేచి, గోడ దాటి, ఊరు దాటి పోవును. నిలిచియున్న తల్లి స్థావరము; ఎగిరిపోవు బిడ్డ జంగమము. ఆ జంగమము ఏ ఇంటి గోడ మొదట దిగునో ఎవరును చెప్పజాలరు. దిగిన చోట దానికి ఆతిథ్యము లభింపకపోవచ్చును. కనీసము కారణము లేని వెలి మాత్రము శరణుల పెరటిలో దానికి ఎదురుకాకుండవలెను.